ముడి వేస్తారని చెప్పాను

పోయిన వారం పెనుకొండలో మా ఇంటికి ఒక అమ్మాయి వచ్చింది. చిన్నప్పుడు నా దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్ల, ఇప్పుడు తనూ లెక్కల టీచరే. చైనాలో ఏదో అంతర్జాతీయ పాఠశాలవాళ్లు ఉద్యోగం ఇచ్చారట. మూడు ఊళ్లలో వాళ్లకు బడులున్నాయట, ఎక్కడికి వస్తావో నువ్వే ఎంచుకోమన్నారట. ఫోనులో మూడు ఊళ్ల ఫొటోలూ చూపించింది. మూడింట్లోనూ అవే అద్దాల మేడలు, అదే నది, అదే వంతెన. "మీరు పోయొచ్చినారు కదా మేడమ్, యా ఊరైతే బాగుంటాది?" అని అడిగింది. నేను కాఫీ పెట్టే నెపంతో వంటింట్లోకి వెళ్లి, పాలు పొంగేదాకా ఉత్తినే నిలబడ్డాను. ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలియదు. నేను ఎలా ఎంచుకున్నానో మాత్రం బాగా గుర్తుంది.

అప్పుడు నాకు నలభై నాలుగేళ్లు. పెళ్లి కాలేదు. కాలేదనడం కంటే, వాయిదా పడుతూ పడుతూ చివరికి ఆ సంగతి ఎవరికీ గుర్తు లేకుండా పోయిందనడం నిజం. హిందూపురంలో అన్న ఇంట్లో మేడ మీది గదిలో ఉండేదాన్ని. అమ్మ ఉన్నన్నాళ్లూ అది నా ఇల్లు కూడా. అమ్మ పోయాక వదిన ఒక్క మాటా అనలేదు పాపం, నేనే చుట్టంలా మసలడం మొదలుపెట్టాను. వంటింట్లో డబ్బా మూత తీయాలన్నా అడిగి తీసేదాన్ని. అలాంటి రోజుల్లో తోటి టీచరు ఒకామె ఈ చైనా సంగతి చెప్పింది. దరఖాస్తు పెట్టాను, కంప్యూటర్లో ఎవరో ఇద్దరు నన్ను ప్రశ్నలడిగారు, రమ్మన్నారు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతానందట అని అన్న నవ్వాడు. బెంగళూరుకు పోవాలన్నా తోడు వెతుక్కునే మనిషిని, అతను నవ్వడంలో తప్పు లేదు.

ఊరు ఎంచుకోవాలి. లెక్కల టీచరును కదా, పట్టిక గీశాను. ఎండా చలీ ఎలా ఉంటాయి, బియ్యమూ కందిపప్పూ దొరుకుతాయా, ఆసుపత్రి ఎంత దూరం, మనవాళ్లు ఎంతమంది ఉన్నారు, ఒక్కోదానికి పది మార్కులు. గ్వాంగ్‌జౌలో మనవాళ్లు చాలామంది ఉన్నారనీ, కరివేపాకు కూడా దొరుకుతుందనీ తెలిసి దానికి ధారాళంగా మార్కులు వేశాను. చెంగ్డుకు రెండో స్థానం. మూడో ఊరిలో మనవాళ్లు ఒక్కరూ లేరు. ఏడాదిలో సగం రోజులు ముసురు, ఎండ పొడే ఉండదట. దాని పేరు ఇక్కడ చెప్పను. నేను పలికితే అక్కడివాళ్లకే అర్థమయ్యేది కాదు. అది పరీక్ష తప్పింది.

ఆ ఆదివారం రైలెక్కి ధర్మవరం వెళ్లాను. అక్కడ మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, ఉంది. చిన్నమ్మది అచ్చు అతికే పని. మగ్గం మీద చీరల పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు, మిగిలిన ఒక్కో పోగు కొసకూ కొత్త పడుగులోని ఒక్కో పోగును కలపాలి. వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని, రెండు కొసలనూ బొటనవేలి కింద పెట్టి ఒక్క మెలి తిప్పుతుంది, అంతే. అలా వేల పోగులు. ఎదురింటి ఆవిడ, మేమంతా ఖాలా అని పిలుస్తాం, చిన్నమ్మకు జత. ఇద్దరూ పొద్దున్నే ఎదురెదురుగా కూర్చుంటే, మొదలుపెట్టిన వరుస అయ్యేదాకా చిన్నమ్మ చెయ్యి ఆపదు. నడుమ ఆపితే పోగు తప్పుతుందని ఆమె నమ్మకం. ఒకసారి మా నాయనే వచ్చి గడపలో నిలబడితే, తలెత్తకుండా "కూచో బావా" అని, గంట తర్వాత మంచినీళ్లిచ్చింది. దానికి మా నాయన పోయేదాకా అలిగే ఉన్నాడు.

ఆ రోజు కూడా వరుస అయ్యాకే నా పట్టిక చూసింది. చూసిందంటే చేతిలోకి తీసుకుంది, చదువు రాదు. నేను ఊళ్ల పేర్లు చదివాను. మూడో పేరు వినగానే లేచి వెళ్లి, దేవుడి పటం వెనక నుంచి ఒక కాగితం తెచ్చింది. చైనా పట్టు కట్టల మీద అతికించి వచ్చే కాగితం అది, బంగారు రంగు అంచు ముద్దుగా ఉందని దాచుకుందట. దాని మీద ఇంగ్లీషులో ఆ ఊరి పేరే ఉంది. వెనకెప్పుడో ఎవరిచేతో చదివించుకుని గుర్తు పెట్టుకుంది.

"దారం యాడనుంచి వస్తాదో ఆడ మన మాదిరి జనమే ఉంటారు పాపా. ఈ ఊరికే పో," అంది.

నలభై నాలుగేళ్లకు నన్ను పాపా అనే మనిషి ఈ భూమ్మీద ఆమె ఒక్కతే. పట్టికతో పాటు ఆ కాగితమూ మడిచి సంచిలో పెట్టుకున్నాను. ధర్మవరంలో పుట్టినవాళ్లు తప్ప ఇంకెవరూ ఇలా ఊరు ఎంచుకోరు.

వెళ్లిన నెలలోపే సంగతి తెలిసింది. ఆ ఊళ్లో పట్టు లేదు. నేను కట్టుకెళ్లిన ధర్మవరం చీర కొంగు చూపించి, ఇలాంటి దారం చేసేవాళ్లెక్కడని బడిలో అడిగాను. అందరూ కొంగును మెచ్చుకుని ఎవరి తరగతికి వాళ్లు వెళ్లిపోయారు. చివరికి ఆఫీసులో ఒకాయన ఆ కాగితం చదివి, ఇది ఎగుమతి చేసే వ్యాపారి చిరునామా అన్నాడు. పురుగుల పెంపకమూ దారం తీయడమూ దూరాన దక్షిణాదిలో ఎక్కడో ఉన్నాయట. ఆ చిరునామా వెతుక్కుంటూ బస్సెక్కి వెళ్లాను కూడా. పెద్ద మేడలో నాలుగో అంతస్తు, మూసిన తలుపు, తలుపు పక్కన ఎండిపోయిన పూలకుండీ. కాసేపు ఆ తలుపును చూసి మెట్లు దిగాను.

ఆ తర్వాత ఒంటరితనం మొదలైంది. అక్కడివాళ్లు చెడ్డవాళ్లని కాదు, చాలా మర్యాదస్తులు. కానీ బడిలో పిల్లలకు త్రికోణాలు చెప్పడం తప్ప నా నోటికి పని లేదు. శనివారాలు కూరల అంగడికి వెళ్లి, వంకాయలు కావాలని వేలితో చూపించి, తలూపి వచ్చేసేదాన్ని. కొన్నిసార్లు శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటిదాకా ఒక్క మాటా మాట్లాడలేదని గుర్తొచ్చి, నా పేరు నేనే పైకి అనుకునేదాన్ని. గ్వాంగ్‌జౌకు వెళ్లి ఉంటే అని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్క లేదు.

చిన్నమ్మకు చెప్పలేదు. అక్కడ మన వాట్సాప్ మామూలుగా పనిచేయదు, తోటి టీచరు ఒకాయన ఏదో కిటుకు చేసి పెట్టాడు. ఆదివారం ఆదివారం చిన్నమ్మ ఫోను చేసేది. ఊరంతా పట్టు పనివాళ్లే అన్నాను. వీధిలో పోతుంటే మగ్గాల చప్పుడు వినిపిస్తుందన్నాను. ఆమె చూపించిన ఊరు కదా, తప్పు ఆమె మీద పడకూడదని ఒకటి, నా తెలివితక్కువతనం బయటపడకూడదని ఇంకొకటి. ఒక ఆదివారం ఆమె, "ఆడోళ్లు పోగులెట్ల అతుకుతారు పాపా? మన మాదిరి బూడిద పెట్టుకుంటారా?" అని అడిగింది. ఏదో ఒకటి చెప్పాలి.

"లేదు చిన్నమ్మా, చిన్న ముడి వేస్తారు."

"అట్లనా. మంచిది," అని ఫోను పెట్టేసింది.

మరునాటి నుంచి రోజూ ఫోను. అక్కడ పన్నెండు గంటలకు, అంటే మనకు తొమ్మిదిన్నరకు, నేను అన్నం డబ్బా తెరిచే వేళకు సరిగ్గా మోగేది. అడిగేది ఒకటే, "ఆడ వాన వస్తాందా?" వస్తోందనే చెప్పేదాన్ని, చాలా రోజులు వచ్చేది మరి. ధర్మవరంలో రాలేదనేది. అది అయ్యాక కరెంటు పోయిన సంగతి, ఖాలా కోడలి కాన్పు సంగతి, ఎవరి కోడి ఎవరి పెరట్లో గుడ్డు పెట్టిందో ఆ సంగతి. విసుగొచ్చేది. చెప్పడానికి ఏమీ లేకుండా రోజూ ఎందుకు చిన్నమ్మా అని ఒకసారి గట్టిగానే అన్నాను. మరునాడు పన్నెండుకు మళ్లీ మోగింది. వాన వస్తోందా అని మళ్లీ అడిగింది.

రెండేళ్ల ఒప్పందం పూర్తి చేసి వచ్చాను. పెనుకొండలో ఉద్యోగం దొరికింది, ఈ ఇల్లు తీసుకున్నాను. ఒకరోజు ధర్మవరం వెళ్తే, వాళ్లిద్దరూ కొత్త వరుస మొదలుపెట్టి ఉన్నారు. చిన్నమ్మ తలెత్తలేదు. నేను నవ్వి, నేను వచ్చినా ఆపవా అన్నాను. దానికి జవాబు ఖాలా చెప్పింది.

"నువ్వాడ ఉన్నెప్పుడు రోజూ తొమ్మిదిన్నరకి ఆపుతాన్నె మీ చిన్నమ్మ. నడి వరసలో ఆపి ఫోను పట్టుకునేది. పోగు తప్పితే మళ్లీ మొదట్నుంచి చూసుకునేది నేనే గదా, గొణుగుతాంటి."

ఎందుకని అడిగాను.

"ముడేస్తారని చెప్పినావంట. ముడేస్తే అది పన్నెలో దూరుతాదా? పోగు తెగి చేతికొస్తాది. ఆ పొద్దే అనె మీ చిన్నమ్మ, ఆడ పట్టు లేదు, పాపకు మాట్లాడే దిక్కు ల్యాదు అని."

పన్నె అంటే పడుగు పోగులన్నీ దూరి వచ్చే సన్నని దువ్వెన లాంటిది. చిన్నప్పుడు సెలవులన్నీ ఆ ఇంట్లో ఆ మగ్గం పక్కనే పడుకుని, ఆ మాత్రం గమనించలేదు నేను. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా ఏడుపొచ్చింది. నా అబద్ధం ఆమెకు తెలుసు, ఆమెకు తెలుసని నాకు తెలియదు, ఆ మధ్యలో దాదాపు రెండేళ్లు రోజూ వాన గురించి మాట్లాడుకున్నాం. చిన్నమ్మ ఏమీ ఎరగనట్టు మెలి తిప్పుతూనే, "పెనుకొండలో వాన వచ్చిందా?" అంది. రాలేదన్నాను.

కాఫీ తీసుకుని ముందు గదిలోకి వచ్చేసరికి ఆ అమ్మాయి ఇంకా ఫొటోలు తిప్పుతూనే ఉంది. ఏ ఊరైనా ఒకటేనమ్మా, అన్నం డబ్బా తెరిచే వేళకు ఇక్కడ ఎవరు చేతిలో పని ఆపి ఫోను చేస్తారో ముందు చూసుకో అన్నాను. మేడమ్‌కు వయసు మీద పడుతోందని అనుకుని ఉంటుంది, తలూపి వెళ్లిపోయింది. చిన్నమ్మకిప్పుడు చూపు ఆనడం లేదు, పని మానేసింది. మా బడిలో తొమ్మిదిన్నరకి రెండో పీరియడు. గంట కొట్టగానే పిల్లలంతా పుస్తకాలు తీస్తారు. నాకు మాత్రం అప్పుడే మధ్యాహ్నం పన్నెండవుతుంది.