పడుగుకు పనికిరాని దారం

మునిరామయ్య బండి దిగకముందే పల్లె జనం చుట్టూ మూగారు. బండి నిండా గోనె సంచులు, సంచుల నిండా వడికి ఉండలు చుట్టిన ఉన్ని దారం. ఆ ఏడు మాయదారి రోగమొచ్చి బండమీదపల్లె మందల్లో సగం గొర్రెలు చచ్చిపోయాయి. కత్తిరించడానికి బొచ్చు లేదు. మగ్గాలు బూజు పట్టాయి. వాన మొహం చాటేసి రాగి చేలు ఎండిపోయాయి. అలాంటప్పుడు చిత్తూరు నుంచి వరదయ్య అనే వ్యాపారి వచ్చి, మిలిటరీకి కంబళ్లు కావాలి, నేసిస్తే ఊరికి రాగులు తోలిస్తానన్నాడు. యుద్ధం ఏ దిక్కున జరుగుతోందో పల్లెలో ఎవరికీ సరిగా తెలియదు. ఆకలి మాత్రం బాగా తెలుసు. గొర్రెలు కాసి కంబళ్లు నేసే కురబల పెద్ద మునిరామయ్య ఊరందరి తరపునా సరేనన్నాడు. ఉన్ని కోసం పలమనేరు దాటి, రాణిపేట దాకా తిరిగి ఈ సంచులు తెచ్చాడు.

గురవమ్మ ఆయన తమ్ముడు మునెయ్య భార్య. కురబల ఇళ్లలో ఆడవాళ్లు వడుకుతారు, మగవాళ్లు నేస్తారు. మునెయ్య ఇంట్లో మాత్రం ఏ ఉండ పడుగుకు పోవాలో, ఏది పేకకు పోవాలో తేల్చేది గురవమ్మే. పడుగు మగ్గం మీద బిగువుగా నిలబడి దెబ్బలు తినాలి. పేక అడ్డంగా పోయి ఒదిగితే చాలు. పడుగులో ఒక్క పాడు పోగు పడితే కంబళి మొత్తం పాడవుతుందని ఆమె నమ్మకం.

ఆమె సంచిలోంచి ఒక ఉండ తీసింది. పసుపు నూనె వాసన గుప్పుమంది. పోగు ఒకటి లాగి చూసింది. మంద మీద కత్తిరించిన బొచ్చయితే కాస్త సాగి తెగుతుంది. ఇది చీపురుపుల్లలా పటుక్కున విరిగింది. నాలిక మీద పెట్టుకుంటే చురుక్కుమంది.

"బావా, ఇది బతికిన గొర్రె బొచ్చు కాదు," అంది. "తోళ్లు పదును చేసే షాపులో సున్నపు తొట్టిలో నానేసి పీకింది. నూనె రాసి మాయ చేసినారు. పడుగుకు నిలవదు."

చుట్టూ ఉన్నవాళ్ల చేతుల్లో ఉండలు ఆగిపోయాయి. మునిరామయ్య మొహం నల్లబడింది.

"ఊరు తిండి లేక మాడతా ఉంటే నువ్వు నాలికతో రుసి సూస్తావా? మంచి బొచ్చు యాడుండాదో సెప్పు, పోయి తెస్తా."

మునెయ్య ముందుకొచ్చి ఆమె చేతిలోని ఉండ తీసుకుని సంచిలో వేశాడు. "అన్న మాటిచ్చినాడు. ఇంక ఊరుకో," అన్నాడు తల వంచుకుని.

మర్నాటికి పల్లె వీధుల్లో పడుగులు సాగాయి. చింతగింజల గంజి పూసి ఎండబెట్టాక పోగులు కమ్మీల్లా బిగిశాయి. చూసినవాళ్లకు ఏ లోపమూ కనబడలేదు. మునెయ్య కూడా భార్య వైపు చూశాడు, ఇప్పుడేమంటావన్నట్టు. మగ్గం ఎక్కించి, దువ్వెనలాంటి అచ్చులోంచి పోగులు లాగి, చెక్కకత్తితో పేకను దబదబా కొట్టడం మొదలుపెట్టాడు. జానెడు గుడ్డ అయిందో లేదో ఒక పోగు తెగింది. ముడేశాడు. పక్కది తెగింది. దాన్నీ ముడేశాడు. కొట్టిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట టప్పుమనేది. పొద్దు వాలేసరికి కంబళి ముడులతో తట్టుపోసినట్టుంది. మునెయ్య చెక్కకత్తిని గోడకు విసిరికొట్టాడు.

"సెప్పు, నేను సెప్పలేదా అను," అని అరిచాడు.

"సెప్పి ఏం సేస్తా? వీధి సివర దాకా విను, అన్ని ఇండ్లల్లో ఇదే సప్పుడు," అంది గురవమ్మ. వరదయ్య ముడుల కంబళ్లు తీసుకోడు. రాగులు రావు. ఇంట్లో పిండి అడుగంటింది.

ఆమెకు ఒక్క దారే తోచింది. తోచగానే భయమేసింది. ప్రతి కత్తిరింపులోనూ పిల్లగొర్రెల తొలి బొచ్చు బీరప్ప దేవుడిది. ఊరి ఆడవాళ్లు ఒక్కపొద్దుండి దాన్ని వడికి గుడి అరలో దాస్తారు. కొన్నేళ్లకోసారి అందులోంచి దేవుడికి కొత్త కంబళి నేస్తారు. ఈ జాతరకు నేయాల్సి ఉంది. ఏళ్లుగా చేరి అర నిండా పడుంది ఆ దారం, బతికిన గొర్రె దారం. ఇళ్లల్లో అక్కడక్కడా మిగిలిన మంచి ఉండలు దానికి కలిపితే అందరి పడుగులకూ సరిపోతుంది.

గుడి తాళం రోజూ అక్కడ దీపం పెట్టే సిద్ధమ్మవ్వ దగ్గరుంది. గుడి అరుగు మీద గురవమ్మ చెప్పింది విని ముసలామె కొంగు ముడిని గట్టిగా పట్టుకుంది.

"దేవుడి సొమ్ము గదా అమ్మణ్ణీ."

"తెలుసవ్వా. తిరిగి వడికి పెడతా. నా మందలో తొలి బొచ్చంతా ఇస్తా."

"నీ మందలో ఎన్ని మిగిలినాయని?"

అంతలో మునిరామయ్య వచ్చాడు, వెనకాల సగం ఊరు. ఎవరో ముందే ఆయనకు ఈ మాట మోసినట్టున్నారు. ఆయన గుడి గడపకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఈ అరలో చెయ్యి పెడితే కులంలో నుంచి వెలేస్తా. తమ్ముని పెండ్లామని సూడను."

"వెలెయ్యి బావా. వెలేసినాక ఊరందరికీ ఏం పెడతావో అదీ సెప్పు."

మునెయ్య గుంపులోంచి బయటికి వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. అన్న ముందు అతను అలా నిలబడడం ఊరు ఎన్నడూ చూడలేదు.

సిద్ధమ్మవ్వ కొంగు ముడి విప్పి తాళంచెవి తీసింది. "దేవునికి పాత కంబళి ఉండాది. ఈ బిడ్డల కడుపులకు పాతదేమన్నా ఉండాదా?" అంటూ మునిరామయ్యను చేత్తో పక్కకు తోసింది. ఆయన తప్పుకున్నాడు. ఒప్పుకున్నాడని కాదు, ముసలామెను తోయలేకపోయాడు.

తెగిన పడుగులన్నీ కోసేశారు. గురవమ్మ వీధి మధ్యలో కూర్చుని ఇంటింటి ఉండలూ ఏరింది. దేవుడి దారం, ఇంటి దారం పడుగుకు. సున్నపు దారం వాగు మడుగులో పదేపదే జాడించి, ఎండబెట్టి, చురుకు తగ్గాక పేకకు. అది కూడా రెండు వరసలకు ఒక వరస మంచిది కలిపి. ఆమె వేళ్లు పగిలి నెత్తురు కారింది. కొందరు ఆడవాళ్లు ఉండలు ఇచ్చేటప్పుడు ఆమె చేతికి ఇవ్వకుండా నేల మీద పెట్టి పోయారు.

వరదయ్య లారీ వచ్చిన రోజు కంబళ్లన్నీ వేపచెట్టు కింద పేర్చారు. ఆయన ఒక్కోటీ తీసి, ఒక కొసను కాలికింద తొక్కిపెట్టి, రెండో కొస పట్టి బలంగా గుంజాడు. పక్కవాడి చేత కూడా గుంజించాడు. గురవమ్మ గోడ పట్టుకుని నిలబడింది. ఏ కంబళి చిరిగినా ముందు తన వైపే అందరూ తిరుగుతారని ఆమెకు తెలుసు. ఒకదాన్ని ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించాడు. దాన్ని పక్కన పడేశాడు. ఇంకొకటి పడేశాడు. మిగతావి లారీ ఎక్కించమన్నాడు. రాగుల మూటలు దిగుతుంటే పిల్లలు కేకలు పెట్టారు. మునిరామయ్య మూటలు పంచి, తమ్ముడి ఇంటి మూట గడప దగ్గర దింపించి, మాట్లాడకుండా పోయాడు.

అసలు గండం జాతరలో ఉంది. ఏటా బీరప్ప సామి వచ్చేది మునిరామయ్య మీదే. డోళ్లు మోగాయి. అతుకులేసిన పాత కంబళి గద్దె మీద పరిచారు. దాన్ని చూసి ఊరంతా తలలు దించుకుంది. మునిరామయ్య ఊగడం మొదలుపెట్టాడు. కళ్లు ఎర్రబడ్డాయి, నోట్లో నురగొచ్చింది. జనాన్ని చీల్చుకుంటూ నేరుగా గురవమ్మ ముందుకొచ్చి ఆగాడు. డోళ్లు నిలిచిపోయాయి.

"నా కంబళి యాడ?"

సామి నోట పాపిష్టిదన్న మాట వస్తే ఈ ఊళ్లో తన పిల్లలకు నీళ్లు కూడా పుట్టవు. మునెయ్య ఆమె రెక్క గట్టిగా పట్టుకున్నాడు. ఆమెకు అబద్ధం చెప్పాలనిపించలేదు. అంత తీరిక కూడా లేదు.

"దారంగా ఉన్నప్పుడే తీసినాను సామీ. సలిలో ఉండే సిపాయిల మీదికి పోయింది. మా కడుపుల్లోకి వచ్చింది. బతికుంటే తిరిగి వడికి ఇస్తా. కోపమొస్తే నా మీద సూపించు, ఊరి మీద వద్దు."

ఆయన ఊగుతూనే ఉన్నాడు. తర్వాత పళ్లెంలోంచి సామి దీవెనగా పెట్టే పసుపు బండారం పిడికెడు తీసి ఆమె నుదుట ఒత్తి, ముందుకు సాగిపోయాడు. డోళ్లు మళ్లీ మోగాయి.

ఆ బండారం పెట్టింది బీరప్పో, బావో ఆమె ఎన్నడూ అడగలేదు. ఆయన చెప్పనూ లేదు. మందలు మళ్లీ పెరగడానికి ఏళ్లు పట్టింది. తొలి బొచ్చు చేతికొచ్చిన ప్రతిసారీ గురవమ్మ ఒక్కపొద్దుండి వడికింది. దేవుడి కంబళి మగ్గం ఎక్కేనాటికి యుద్ధం కూడా అయిపోయింది. ఆ కంబళి నేసింది మునెయ్య. పడుగు సాగదీసేటప్పుడు ఒక కొస గురవమ్మ పట్టుకుంటే, రెండో కొస పట్టుకోడానికి మునిరామయ్య వచ్చాడు.