పాస్‌పోర్టు సైజు మొహాలు

ఆయుధ పూజ అయిన నాలుగో రోజు నా స్టూడియో కంప్యూటర్ టక్కుమంది. గోరుతో బల్లను తట్టినట్టు చిన్న చప్పుడు. కాసేపు ఊరుకుని మళ్ళీ రెండుసార్లు. నేను విననట్టే ఉండిపోయాను. ఇష్టంలేని చప్పుళ్ళను వినకుండా ఉండడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

పూతలపట్టులో చిత్తూరు, తిరుపతి బస్సులు ఆగేచోట నాదొక ఒంటిగది ఫోటో స్టూడియో. పెళ్ళిళ్ళు తీస్తాను, కానీ ఏడాది పొడవునా ఉండే పని పాస్‌పోర్టు సైజు ఫోటోలదే. రేషన్ కార్డుకని, పింఛనుకని, బ్యాంకు పుస్తకానికని చుట్టుపక్కల పల్లెల్లో సగం మంది నా నీలం తెర ముందు, నా ఎర్ర స్టూలు మీద కూర్చుని లేచినవాళ్ళే. కవరు చేతికిస్తూ అందరితోనూ ఒకే మాట అనేవాణ్ణి: "ఇది పోగొట్టుకున్నా బెంగ లేదు. మీ మొహం నా దగ్గర పదిలం." ఆ పదిలమంతా బల్ల కింది పెట్టెలో ఉన్న ఒకే ఒక్క హార్డ్ డిస్కు. రెండో కాపీ లేదు. నడుస్తున్నదాన్ని కెలకకూడదన్నది నా సిద్ధాంతం. బద్ధకానికి నేను పెట్టుకున్న గౌరవమైన పేరది.

చప్పుడు ఆగలేదు. ముందు ఫ్యాను మీద అనుమానపడ్డాను. పెట్టె విప్పి, పాత పెయింటు బ్రష్షుతో దుమ్ము దులిపి, ఫ్యాను చేత్తో ఆపి చూశాను. ఫ్యాను ఆగినా టక్కు టక్కు ఆగలేదు. తరవాత డిస్కుకు వెళ్ళే కేబుల్ మార్చాను. రెండు రోజులు బాగున్నట్టే ఉండి మళ్ళీ మొదలైంది. ఫోటో తెరవమంటే కంప్యూటర్ గుడ్లప్పగించి చూసేది. చివరికి డిస్కు ఆరోగ్యం చెప్పే ప్రోగ్రాం ఒకటి నడిపించాను. పచ్చగా ఉండాల్సిన చోట పసుపు చూపించింది. కొన్ని చోట్ల రాసింది చదవలేకపోతున్నానని దాని మొర. పసుపు శుభమే కదా, ఎరుపు కాలేదు కదా అని నాకు నేనే నచ్చజెప్పుకుని మరో మూడు వారాలు దానిచేత చాకిరీ చేయించాను.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం ఒక అవ్వ వచ్చింది. బస్సులు ఆగేచోట గంపలో ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్మే మనిషి, రోజూ చూసే మొహమే. మొగుడు పోయి ఏడాది కావస్తోందట. సంవత్సరీకం నాటికి పటం కట్టించి దండ వేయాలని వచ్చింది.

"ఇంట్లో ఆయప్పది ఒక్క ఫోటో లేదప్పా. ఫోటో అంటే పరిగెత్తేటోడు. పింఛను కోసరం నీ కాడే ఒకటి తీపిచ్చుకున్నాడు. ఆ కార్డు యాడ పోయిందో. నీ దగ్గర పదిలంగా ఉంటాదని చెప్పినావంట గదా?"

నా మాట నా మెడకే చుట్టుకుంది. ఎప్పుడు తీయించుకున్నాడని అడిగాను. నా దగ్గర ఫోటోలు పేర్లతో ఉండవు, తేదీలతో ఉంటాయి.

"గంగ జాతర సాటింపుకు ముందురోజు," అంది తడుముకోకుండా. వాళ్ళ ఊళ్ళో చాటింపు వేశాక జాతర ముగిసేదాకా ఎవరూ పొలిమేర దాటరు. ఆ రోజు రాకపోతే పింఛను గడువు దాటిపోతుందని చేనులోంచి అట్నుంచటే వచ్చేశాడట. ఏ సంవత్సరమో మాత్రం ఆమెకు గుర్తులేదు. "నువ్వు ఆ స్టూలుకు అప్పుడే రంగేసింటివి. ఆయప్ప పంచెకంతా ఎర్రగా అంటుకొనింది. నిన్ను దోవ పొడుగూతా తిట్టుకుంటా వచ్చినాడు."

స్టూలుకు రంగేసిన ఏడు నాకు గుర్తే. ఆ ఏటి ఫోల్డరు నొక్కాను. టక్, టక్, టక్. తెర బిగుసుకుపోయింది. నేను వెనక్కి తిరగలేదు, ఆమె ఊపిరి మాత్రం నా భుజం దగ్గర వినిపిస్తూనే ఉంది.

"ఉండాదా లేదా, అది చెప్పప్పా."

"ఉండాది అవ్వా. రెండు రోజులాగి రా," అన్నాను. ఉందో లేదో నాకు తెలియదు. భయం వేసింది. ఒక మనిషి మొహం లోకంలో ఒకే చోట మిగిలి, ఆ చోటు నా చేతుల్లో చెడిపోతోందని అప్పటికిగాని నాకు తలకెక్కలేదు.

ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుని, "ఎక్కడో దెబ్బ తగిలినట్టుంది మన కంప్యూటర్‌కు," అన్నాను. మా ఆవిడ గరిటె కింద పెట్టింది.

"ఒకటి చెప్తా, అరవగాకండి."

ఆయుధ పూజ రోజు నేను గుమ్మడికాయ తేవడానికి పోయినప్పుడు ఆమె స్టూడియోలో అన్నిటికీ గంధం, కుంకుమ పెట్టింది. స్కూటరు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించింది. కంప్యూటర్ పెట్టె ఉండేది నాలుగు చిన్న చక్రాల బండి మీద. "చక్రాలుండాయి గదా, దానికి మాత్రం దిష్టి తగలదా?" అని దానికీ నాలుగు నిమ్మకాయలు పెట్టి ముందుకు తోసిందట. చిన్న చక్రాలు, గట్టి కాయలు. కాయలు నలగలేదు, బండి ఒరిగి పెట్టె పోయి గోడకు కొట్టుకుంది. నిలబెట్టి, చెరిగిన బొట్టు మళ్ళీ పెట్టి ఊరుకుంది.

నేను అరిచాను. ఇరవయ్యేళ్ళ కాపురంలో నేర్చిన తిట్లన్నీ వాడాను. అన్నీ విని ఆమె నెమ్మదిగా అంది: "ఆఫ్‌లో ఉండే డబ్బాకు ఏమవుతాదిలే అనుకున్నా. పూజ నాడు పనిముట్టును ముట్టుకోకూడదని మీరే కదా చెప్తారు?"

అది ఆఫ్‌లో లేదు. ముందురోజు తీసిన పెళ్ళి ఫోటోలు ఎక్కుతుంటే, తెర ఒక్కటి ఆర్పి, పెట్టెకు బొట్టు పెట్టమని చెప్పి పోయింది నేనే. పనిముట్లకు సెలవిచ్చే ఒక్క రోజు కూడా దొంగచాటుగా దానిచేత పని చేయించాను. తిలాపాపం తలా పిడికెడు అంటారు. మా ఇంట్లో నా పిడికిలే పెద్దది.

పొద్దున్నే పెట్టెలోంచి డిస్కు ఊడదీసి, తువాలులో చుట్టి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని చిత్తూరు బస్సెక్కాను. అక్కడ ఒక భాయ్ ఉన్నాడు. వాళ్ళ నాయన చేతి గడియారాలు బాగుచేసేవాడు, ఈయన కంప్యూటర్లు చేస్తాడు. డిస్కుకు కరెంటిచ్చి చెవి ఆనించి విన్నాడు. గడియారాలాయన కొడుకని అప్పుడు తెలిసిపోతుంది.

"తిరిగేటప్పుడు తగిలిన దెబ్బన్నా ఇది. ఊరికే ఉన్నప్పుడు తగిలింటే ఇంత కాదు. పోనీ సప్పుడు మొదలైన రోజే ఆపి తెచ్చింటే అంతా వస్తా ఉండె. ఇన్నాళ్ళు నడిపి గీకించినావు."

"బాగుచెయ్యలేమా భాయ్?"

"చెయ్యలేం. కొత్తది వేసుకోవాల్సిందే. దీంట్లో ఉండేది ఎంతసేపు ఆడితే అంత ఎక్కించుకుందాం. ఆగిపోతే చెన్నైకి పంపినా రాదు." కొత్త డిస్కు తగిలిస్తూ నా వైపు చూశాడు. "ముందు ఏది కావాల్నో వరసగా చెప్పు. అన్నీ రావు."

డిస్కులో మూడు పెద్ద ఫోల్డర్లున్నాయి. ఒకటి పెళ్ళిళ్ళు. ఒకటి పాస్‌పోర్టు ఫోటోలు. మూడోదాని పేరు 'నావి'. ఎవరూ అడగకుండా నా కోసం నేను పన్నెండేళ్ళు తీసుకున్నవి అందులో ఉన్నాయి. నగరి వీధుల్లో ఆరేసిన రంగు నూలు, మామిడి తోటల్లో పూత మీది మంచు, తెల్లారే లోపల తిరుచానూరులో పూలమ్మేవాళ్ళ చేతులు. ఎప్పటికైనా ఒక పుస్తకం వేయాలని ఆశ. నేను ఉత్త పాస్‌పోర్టు ఫోటోలవాణ్ణి కానని నాకు నేను చెప్పుకోవడానికి ఉన్న రుజువు అదొక్కటే.

నోటిదాకా 'నావి' అనే వచ్చింది. అబద్ధమెందుకు. కానీ పెళ్ళివాళ్ళ ఇళ్ళలో ఆల్బంలున్నాయి. నగరిలో నూలు రేపూ ఆరేస్తారు, మామిడి మళ్ళీ పూస్తుంది. చేనులోంచి వచ్చి స్టూలు రంగు పంచెకు అంటించుకుపోయిన మనిషి మళ్ళీ రాడు.

"పాస్‌పోర్టు ఫోటోలు భాయ్," అన్నాను. సంవత్సరం చెప్పి, "అందులో వైశాఖంలో, గంగ జాతర నాటివి మొదట," అన్నాను. "తరవాత మిగతా పాస్‌పోర్టులు. ఆ తరవాతే నావి."

ఆ చిన్న ఫోటోలు ఒక్కొక్కటీ టక్కుమంటూ, నత్తనడకన ఎక్కాయి. మధ్యాహ్నం టీ తాగాం, ఇంకో టీ తాగాం. పాస్‌పోర్టులు దాదాపు అన్నీ వచ్చాయి. 'నావి' మొదలుపెట్టగానే డిస్కు గట్టిగా ఒకసారి గీరుకుని ఆగింది. భాయ్ మూడుసార్లు ప్రయత్నించి, కరెంటు తీసి, నా భుజం మీద చెయ్యి వేశాడు. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. భాయ్ చూడనట్టు స్క్రూలు సర్దుకున్నాడు.

చెప్పిన రోజుకు అవ్వ వచ్చింది. పెద్దది చేసి, పటం కట్టించి ఉంచాను. చేతికిస్తే కొంగుతో అద్దం తుడిచి చాలాసేపు చూసింది.

"ఆయప్పే," అంది. తరవాత మొహం చిట్లించింది. "ఈ సొక్కా ఎవురిది? మాకు ఇట్లాంటిది లేదే."

నేనూ వంగి చూశాను. తెల్లచొక్కా, జేబు మీద నీలం ఇంకు మరక. స్టూడియోలో తలుపు వెనక మేకుకు ఎప్పుడూ వేలాడుతుండేదే. పొలం నుంచి తువాలుతో వచ్చేవాళ్ళకు తొడిగి ఫోటో తీసేవాణ్ణి.

"నాదే అవ్వా. అదో, ఆ మేకుకు ఉండేది."

ఆమె పటంలోకి చూసి, మేకు వైపు చూసి, బోసినోటితో నవ్వింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. "బతికినన్ని దినాలు ఒకరి సొక్కా తొడిగినోడు కాదు. దండేసుకునేటప్పుడు నీది తొడిగినాడు సూడు." పటం కొంగులో చుట్టుకుని మెట్టు దిగుతూ ఆగింది. "అందరివీ పెట్టుకోని ఉండావు. నీదుండాదా అప్పా?"

కొత్త డిస్కులో వెతికాను. వేల మొహాలు. వాటిలో ఎంతమంది ఒంటి మీదో నా చొక్కా. నేను మాత్రం ఎక్కడా లేను. ఎప్పుడూ కెమెరా వెనకే ఉన్నవాణ్ణి, ఎట్లా ఉంటాను?

సాయంత్రం మా ఆవిడ టీ తెచ్చినప్పుడు కెమెరా ఆమె చేతికిచ్చాను. మేకు మీది చొక్కా తొడుక్కుని ఎర్ర స్టూలు మీద కూర్చున్నాను. ఇన్నేళ్ళుగా ఆ స్టూలెక్కిన అందరికీ నేను చెప్పిన మాట ఆమె నాకు చెప్పింది.

"గడ్డం పైకెత్తండి. నవ్వగాకండి."