ఫాదర్ గారు వేలెత్తిన రోజు

ఆ రోజుల్లో మా వంశానికి మిగిలినవి రెండే: ఇంటిపేరు, దాన్ని మోయడానికి వంగని నా మెడ. రెండువేల ఆరు ప్రాంతంలో, అమెరికాలో ప్లేనో దగ్గర మాస్టర్స్ చదువుతూ, నలుగురితో అపార్ట్‌మెంట్ పంచుకుంటూ, అంట్లు కూడా నిటారుగా నిలబడే కడిగేవాణ్ణి. వారాంతపు క్రికెట్‌కి కెప్టెన్ని నేనే. ఎవరు చేశారని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. చివరికి కరీంనగర్ రూమ్మేట్ (అందరికీ ‘మామ’) విసిగిపోయి తేల్చేశాడు. శనివారం మ్యాచ్‌లో నేను ఇరవై పరుగులు చేస్తే సరే, లేకపోతే కెప్టెన్సీ తనది.

మేం ఆడేది ఒక చర్చి వెనక మైదానంలో. అంతవరకూ బ్యాటింగ్ చేసే జట్టువాడే అంపైరుగా నిలబడేవాడు కాబట్టి ఎల్బీడబ్ల్యూ అనేది మా దగ్గర లేదు. ఆ రోజు మాత్రం చర్చిలో రిటైరైన ఫాదర్ గారు తానే నిలబడతానన్నారు. ఆయన ఇంగ్లండు మనిషి. కుర్రతనంలో అక్కడి ఒక కౌంటీ జట్టుకి పైసా తీసుకోకుండా ఆడారట. డబ్బుకు ఆడేవాళ్లకు మైదానంలోకి వేరే గుమ్మం ఉండేదని చెబితే నాకు ప్రాణం లేచొచ్చింది. జీతం కోసం ఏ పనీ చేయని వంశం మాది (చేసి ఉంటే ఇల్లు మిగిలేది). మా తాతగారు ఊళ్లో ఒక్కసారి కూడా అవుట్ కాలేదనీ, అంపైరు మా దివాణం గుమాస్తా అనీ ఆయనకు గర్వంగా చెప్పాను. “పాపం, ఎంత విసుగు పుట్టి ఉంటుందో” అన్నారు. ఎవరికని నేను అడగలేదు. పెద్దమనిషికి పెద్దమనిషి ఇచ్చిన అభయంగా తీసుకున్నాను.

పదకొండు పరుగుల దగ్గర బంతి ప్యాడ్‌కి తగిలింది. ఫాదర్ గారి వేలు లేచింది. నేను కదల్లేదు. ఆయన పునరాలోచించుకోవడానికి వ్యవధి ఇచ్చాను.

అవతలి కొసన ఉన్న మామ అన్నాడు: “దొరా, ఏలు దించుతడని సూస్తున్నవా? ఆయన దేవుని జవాబు కోసమే ఏండ్లు నిలబడ్డోడు. నడువు ఇగ.”

నేరుగా ఫాదర్ గారి దగ్గరికే వెళ్లి, మనిద్దరం ఒకే కోవకు చెందినవాళ్లం కదా అన్నాను.

“అందుకే నాయనా, తటపటాయించలేదు” అన్నారాయన మెల్లగా. “నన్నూ ఒకసారి ఇలాగే పంపారు. వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తర్వాతే ఫాదర్నయ్యాను. రెంటికీ సంబంధం లేదని బిషప్ గారికి చెప్పాను. ఆయన నమ్మలేదు.”

పట్టాభిషేకానికి వెళ్తున్నంత నెమ్మదిగా నడిచాను. నేను గీత దాటకముందే తర్వాతివాడు వచ్చి గార్డ్ తీసుకున్నాడు. సాయంత్రానికి మామ కెప్టెన్. మరుసటి వారం నన్ను పార్కింగ్ లాట్ పక్కన ఫీల్డింగ్‌కి పంపాడు. వెళ్లాను, నిటారుగానే.

ఆ బంతి లెగ్ స్టంపును తప్పించుకుపోయేదని నేటికీ నా అభిప్రాయం. కానీ మైదానం మధ్యలో, లోకం తన తీర్పు మార్చుకుంటుందని ప్యాడ్లు కట్టుకుని నిలబడ్డ ఆ బక్కపలచని కుర్రాణ్ణి తలుచుకుంటే, భుజమ్మీద చెయ్యేసి మెల్లగా బయటికి తీసుకురావాలనిపిస్తుంది. (రాడు. వాడి సంగతి నాకు తెలుసు.)