చెమట పెట్టెలో పదిహేను నిమిషాలు

మొయినాబాద్ నుంచి చేవెళ్ళ పోయే దారిలో రెండు ఫామ్‌హౌసుల నడుమ ఒక స్పా తెరిచారు. దాని ముందు నుంచి బస్సులో పోయినప్పుడల్లా నాకు ఒకటే అనుమానం. ఎండాకాలం గడప దాటితే చాలు ఊరికే చెమట పట్టే చోట, పనిగట్టుకుని చెమట పట్టించుకోవడానికి ఎవరొస్తారు? బోర్డు మీద మాత్రం "ఇన్‌ఫ్రారెడ్ సౌనా" అని పెద్ద అక్షరాలు.

మా నాన్నకు చేవెళ్ళ బజారులో కిరాణా దుకాణం ఉండేది. ఉప్పు బస్తా మీద కూచుని ఎక్కాలు నేర్చుకున్నదాన్ని నేను. పెళ్ళయ్యి మొయినాబాద్ వస్తే ఇక్కడ స్టీలు సామాను దుకాణం. ఎక్కడ కొత్త సరుకు కనబడినా, అక్కర ఉన్నా లేకపోయినా, లోపలికి వెళ్ళి, తట్టి చూసి, ధర అడిగి, "అంతనా!" అని ముక్కు విరిచి బయటికి రావడం నా అలవాటు. ఆ స్పాలోకీ అట్లాగే వెళ్ళాను, ఒక మధ్యాహ్నం, ఏమీ కొనే ఉద్దేశం లేకుండా.

సౌనా చూసుకునే అమ్మాయికి ముప్పై ఏళ్ళుంటాయి. మా పక్కనే ఉన్న ప్రొద్దుటూరు కోడలు. ఇంతకు ముందు సిటీలో ఫిజియోథెరపీ క్లినిక్‌లో పని చేసిందట. నన్ను ఒక చెక్క గదిలాంటి పెట్టె ముందుకు తీసుకుపోయింది. ఇద్దరు కూచునే బల్ల, అద్దం తలుపు, గోడలకు నల్లటి పలకలు. నేను చెక్కను వేలితో కొట్టి చూశాను. వాసన చూశాను. తలుపుకు గడియ కోసం వెతికాను.

"గడియ లేదేంది?"

"ఉండద్దక్కా. లోపలున్నోళ్ళకు తల తిరిగితె నూకంగనే తెరుసుకోవాలె."

"వేడి గీ ఎర్ర లైటుకెళ్ళి వస్తదా?"

"కాదక్కా, లైటు ఉత్త సోకుకు. వేడి గీ నల్ల పలకలల్లకెళ్ళి వస్తది, అది కండ్లకు కానరాదు. గాలిని ఎక్కువ కాగబెట్టదు, సక్కగ ఒంటికే తాకుతది."

కంటికి కనబడని సరుకును అమ్ముతున్న మొదటి దుకాణం అదే నాకు. నమ్మబుద్ధి కాలేదు. చెయ్యి లోపల పెట్టి చూశాను. గాలి మామూలు వెచ్చన. అరచెయ్యి మాత్రం పొయ్యి ముందు పెట్టినట్టు అయింది. రెండు మూడు సార్లు లోపల పెట్టి, బయటికి తీసి, మళ్ళీ పెట్టాను. ఆ అమ్మాయి నవ్వింది.

అప్పుడు మా వదిన గుర్తొచ్చింది. మా అన్న భార్య. చేవెళ్ళ దగ్గర వాళ్ళకు టమాట తోట. ఏళ్ళ తరబడి టమాట డబ్బాలు ఎత్తీ ఎత్తీ ఆమె కుడి భుజం పట్టేసింది. కొప్పు వేసుకోవాలంటే ఇంకొకరి సాయం కావాలి. నొప్పులకు ఈ వేడి కొంచెం సుఖంగా ఉంటుందని ఆ అమ్మాయి చెప్పగానే నేను బేరానికి దిగాను.

డబ్బు దగ్గర ఆమె దిగలేదు, సరే. నిమిషాల మీద పడ్డాను. ఒక్కో వంతు ఇరవై నిమిషాలని బోర్డు మీద రాసుంది. మొదటిసారి వచ్చేవాళ్ళకు మాత్రం పదేనట.

"మల్ల మిగిలిన పది నిమిషాలు ఎవరింటికి పోతయమ్మా?"

"ఒళ్ళు అలవాటు కావాలె గదక్కా."

"మా ఒదిన ఎండల పుట్టి ఎండల పెరిగింది. ఆమెకు కొత్తగ అలవాటు చేసేదేమున్నది? పది ఇచ్చి, ఇంకో అయిదు కొసరెయ్యి."

కొసరు మాటకు ఆమె మళ్ళీ నవ్వింది. తూకం అయ్యాక పిడికెడు పైన వేయించుకోనిదే మా వాళ్ళెవరూ దుకాణం మెట్టు దిగరు. "ఫారం జూసి చెప్తక్కా. అంత మంచిగుంటె పదిహేను పెడ్త," అంది. శనివారం పొద్దున, సిటీ వాళ్ళు రాకముందు, మా ఇద్దరికీ వేళ కుదిరింది.

శనివారం వదిన చేవెళ్ళ నుంచి బస్సు దిగుతూనే నసిగింది.

"ఇయ్యాల నా ఒక్కపొద్దు గదనే. దీపం పెట్టేదాంక నీళ్ళు గూడ ముట్ట. పోవచ్చునంటవా?"

"కడుపు ఖాళీగ ఉంటెనే మంచిది వదినా. రక్తపరీక్షకు గూడ గట్లనే పొమ్మంటరు గద!"

ఏ లోకంలో రక్తపరీక్షకూ చెమటకూ చుట్టరికం ఉందో నాకు తెలియదు. బేరం మాట్లాడుకున్నాక రోజు మార్చడం నాకు నచ్చదు, అంతే.

లోపల ఇంకో చిక్కు వచ్చింది. లోహం వేడెక్కి ఒంటికి చురుక్కుమంటుందని నగలన్నీ తీయమంది ఆ అమ్మాయి. వదిన పుస్తెలతాడు గుప్పిట్లో పట్టుకుని వెనక్కి జరిగింది.

"ఇది తీసుడా? నడువే, ఇంటికి పోదాం."

ఆ అమ్మాయి తన బల్ల సొరుగు లాగింది. అందులో పసుపు పూసిన దారాలు, ఒక్కో దారానికి ఒక్కో పసుపు కొమ్ము కట్టి, వరసగా పెట్టి ఉన్నాయి. "ముందుగాల ఇది కట్టుకొని, గప్పుడు అది తియ్యి అవ్వా. మా దగ్గర అందరు గట్లనే చేస్తరు," అంది.

వదిన ఆ కొమ్మును అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ పిల్ల ఎరుకగల్ల పిల్ల," అని మెచ్చుకుని, బట్టలు మార్చుకునే గదిలోకి పోయింది. నాకూ ఒకటి దొరికింది. ఇంత ముందుచూపు ఉన్న దుకాణదారును నేను ఈమధ్య చూడలేదు.

వదిన ఇంకా ఆ గదిలో ఉండగానే ఆ అమ్మాయి ఫారాలు ఇచ్చింది. ఇంగ్లిషులో ఉన్నాయి. వదినకు తెలుగు బాగా వచ్చు, ఇంగ్లిషు రాదు. అందుకని రెండూ నేనే నింపాను. గుండె జబ్బు ఉందా, లేదు. జ్వరం, లేదు. బీపీకి గానీ, ఒంట్లో నీరు తగ్గడానికి గానీ గోలీలు వాడుతున్నారా?

కలం అక్కడ ఆగింది. వదిన రోజూ పొద్దున రెండు గోలీలు వేసుకుంటుంది, సరిగ్గా ఆ రెండే. ఉందని రాస్తే ఆ అమ్మాయి డాక్టరును అడిగి రమ్మంటుంది, పదిహేను నిమిషాలు పోతాయి, ఇంత దూరం రావడం దండగ. బేరం కుదిరాక కొత్త మాట ఎత్తకూడదని దుకాణంలో నేర్చుకున్నాను. లేదని గీత పెట్టాను.

"ఇద్దరు నీళ్ళు తాగొచ్చిన్రా అక్కా?"

"తాగినం, తాగినం."

ఆమె ఫారాలు రెండూ పైనుంచి కిందికి చదివి, సరే పదిహేను పెడతానంది. బల్ల మీద తువ్వాళ్ళు పరిచింది. పలకలకు ఆనుకోవద్దంది, ఫోన్లు బయటే ఉంచమంది, చెరో నీళ్ళ సీసా ఇచ్చింది. "ఎట్లనన్న అనిపిస్తె టైము జూడకుండ్రి. తలుపు నూకుకొని రాండ్రి. నేను గీన్నే ఉంట."

మొదటి అయిదు నిమిషాలు నాకు పెద్ద తమాషా. ఊపిరి తీసుకునే గాలి వెచ్చగా ఉందంతే, ఇబ్బంది లేదు. ఒళ్ళు మాత్రం ఏదో లోపలి వైపు నుంచి కాగుతున్నట్టుంది. మోచేతి మీద ఒక్కో వెంట్రుక మొదట్లో ఒక్కో చెమట బొట్టు లేస్తుంటే కూచుని చూశాను. మా నాన్న దుకాణం వెనక రేకుల గదిలో బెల్లం మూటలు ఎంచేటప్పుడు పట్టే చెమట వేరు. అది జిడ్డుగా, చిరాకుగా ఉండేది. ఇది నీళ్ళలా జారుతోంది. ఎందుకట్లా?

"వదినా, ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నదే! భుజం ఇడిసినట్టయితున్నది. జూడు, చెయ్యి ఎంత పైకి లేస్తున్నదో." చెయ్యి చెవిదాకా ఎత్తి చూపించింది. "గని, ఓ సావుకారి బిడ్డా, మా తోటల మే నెలల నిలబడితె గూడ ఇంతే చెమట వస్తది. నువ్వు పైసలిచ్చి కూసోబెట్టినవు."

తరవాత టమాట ధర మీదికి, మా అన్న మోటారు మీదికి మాట పోయింది. నేను వింటూ, ఊఁ కొడుతూ, నల్ల పలకకు వేలు దగ్గరగా, దూరంగా పెట్టి ఎంత దూరంలో వేడి తగ్గుతుందో చూస్తున్నాను. కాసేపటికి ఊఁ కొట్టడానికి మాటే లేదు.

"వదినా?"

"ఊఁ."

మా వదిన ఒక్క అక్షరంతో జవాబు చెప్పే మనిషి కాదు. పక్కకు తిరిగి చూశాను. ముఖం పాలిపోయి ఉంది. చెయ్యి పట్టుకుంటే, అంత వేడిలోనూ, చల్లగా ఉంది. నీళ్ళ సీసా మూత కూడా తీయలేదు.

రాయడానికి సిగ్గుగా ఉన్నా రాస్తాను. నా కళ్ళు ముందు గడియారం మీదికి పోయాయి. ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. అడిగి తెచ్చుకున్న నిమిషాలు. "ఇంకొద్దిసేపే వదినా," అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఆమె తల నా భుజం మీదికి వాలింది.

తలుపును కాలితో తన్నాను. గడియ లేకపోవడం ఎందుకో అప్పుడు ఒంటికి తెలిసింది. ఆ అమ్మాయి అప్పటికే ఎదురొచ్చింది. ఇద్దరం కలిసి వదినను బయటి చల్లటి నేల మీద వెల్లకిల పడుకోబెట్టాం. కాళ్ళు ఎత్తి పీట మీద పెట్టింది ఆ అమ్మాయి. తడిగుడ్డతో మెడ, ముఖం తుడిచింది. బీపీ మిషను కట్టింది. అంకె చూసి నా వైపు తిరిగింది.

"అక్కా, నిజం చెప్పు. ఈ అవ్వ గోలీలు వాడుతదా?"

"రెండు. బీపీది ఒకటి, నీరు తగ్గేదొకటి. పొద్దుగాల ఏసుకున్నది. ఇయ్యాల ఒక్కపొద్దు. గోలీల మందం గుక్కెడు తప్ప నీళ్ళు గూడ తాగలే."

ఒక్క గుక్కలో అన్నీ చెప్పేశాను. ఆమె నన్ను తిట్టలేదు. వదిన నాడి పట్టుకునే, మెల్లగా అంది: "పదిహేను నిమిషాలు నేను గా కాయితం జూసే ఇచ్చినక్కా."

వదిన కళ్ళు తెరిచింది. ఎక్కడున్నదీ తెలిసింది, పేరు చెప్పింది, గుండె దగ్గర నొప్పేమీ లేదంది. నీళ్ళు నోటి దగ్గర పెడితే మాత్రం పెదవులు బిగించింది.

"దీపం పెట్టలే."

"అవ్వా, దేవుడేమనడు, తాగు."

"ఊహుఁ."

నేను ఆమె తల ఒడిలో పెట్టుకున్నాను. "వదినా, ఇయ్యాల్టి ఒక్కపొద్దు పోతె నాది పాపం. వచ్చే శనివారం నీ బదులు నేనుంట. నువ్వు తాగు."

వదిన రెండు వేళ్ళు చూపించింది. "ఒకటి గాదు. రెండు శనివారాలు."

"రెండు."

ఎదుటివాళ్ళు చెప్పిన మొదటి మాటకే నేను ఒప్పుకోవడం నా ఎరుకలో అదే మొదలు. వదిన గుక్క గుక్కగా తాగింది. అర్ధగంట పడుకోబెట్టి, మళ్ళీ బీపీ చూసి, అప్పుడు మెల్లగా లేపి కూచోబెట్టింది ఆ అమ్మాయి. అంకె కొంచెం పైకొచ్చింది. అయినా ఇంటికి కాదు, నేరుగా డాక్టరు దగ్గరికి పొమ్మంది. ఆటో తనే పిలిచింది.

ఆటోలో వదిన నా భుజానికి ఆనుకుని కూచుంది. చెప్పకపోతే ఆమెకు ఎప్పటికీ తెలియదు. ఫారం ఇంగ్లిషులో ఉంది.

"వదినా, నువ్వు గోలీలు వాడుతవా అని గా కాయితంల అడిగిన్రు. నేనే లేదని రాసిన."

ఆమె నా భుజం మీంచి తల ఎత్తింది.

"ఎందుకు రాసినవ్?"

"పదిహేను నిమిషాల కోసం."

"నా పానం నీకు పదిహేను నిమిషాలకు పడ్డదన్న మాట." గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. కొంత దూరం పోయాక మళ్ళీ అంది: "ఈ మాట మీ అన్నతోని అనకు. ఆయన ఇంక నన్ను ఎక్కడికీ తోలియ్యడు."

చేవెళ్ళలో మా ఇళ్ళవాళ్ళు ఎప్పుడూ వెళ్ళే డాక్టరు, పెద్దాయన. బీపీ చూశాడు, గుండెకు ఈసీజీ తీయించాడు, భయం లేదన్నాడు. తరవాత వదిన వైపు తిరిగి అడిగాడు.

"గోలీలు ఏమేం వాడుతున్నవమ్మా?"

నేను నోరు తెరిచాను. వదిన నా మణికట్టు పట్టుకుంది.

"నువ్వు జర సప్పుడు చెయ్యకు. నేను చెప్త."

రెండు గోలీలూ చెప్పింది. మూడోది కూడా చెప్పింది: భుజం నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకుని, రెండు నెలలుగా ఎవరికీ చెప్పకుండా వేసుకుంటున్నదట. అన్నీ నాకు తెలుసనుకుని గీతలు పెట్టిన నాకు, అది తెలియనే తెలియదు. డాక్టరు దాన్ని ఆ పూటే ఆపమన్నాడు.

"సార్, మల్ల ఎప్పుడన్న నేను గా డబ్బల కూసోవచ్చునా? మొదలు కొంచెంసేపు భుజం మంచిగ లేసింది."

ఇప్పుడు కాదన్నాడు ఆయన. గోలీలు సరిచేసి నెల తరవాత మళ్ళీ చూస్తానని, అప్పుడు బాగుంటేనే, అన్నం తిని, నీళ్ళు తాగి, కొద్దిసేపు మాత్రమే పొమ్మని, ఒక్కపొద్దు నాడు ఆ ఛాయలకే పోవద్దని అన్నాడు. చెబుతూ చీటీ మీద ఇంగ్లిషులో గబగబా రాస్తున్నాడు.

వదిన బల్ల మీదికి వంగి ఆ రాతను చూసింది.

"సార్, ఇదంత తెలుగుల రాసియ్యుండ్రి. ఈసారి కాయితం నేనే నింపుకుంట."