ఓటి మద్దెల

ఆమెకు గంటక్క అని పేరు పెట్టింది కింద గదిలో దర్జీ. పెట్టినవాడికి చిరాకు, పెట్టించుకున్నదానికి గర్వం. డీజేలు వాడే మిక్సర్లు, కంట్రోలర్లు బాగుచేయడం ఆమె పని. పని పూర్తయ్యాక ఎంతటివాడు తొందరపెట్టినా సెట్టు చేతికివ్వదు. దాన్ని పెద్ద బేస్ స్పీకర్ నెత్తిన పెట్టి, లాప్‌టాప్‌కి తగిలించి, గంటసేపు మోగిస్తుంది. ఫేడర్లన్నీ పైకీ కిందికీ తోస్తుంది, నాబులన్నీ తిప్పుతుంది. కింద గోడకు వేలాడే కత్తెరలు గడగడ వణుకుతాయి.

"నీ సెట్లు బాగుపడేలోపు నా చెవులు రిపేరుకొచ్చేట్టున్నాయమ్మా" అంటాడు దర్జీ.

"బల్ల మీద బుద్ధిగా ఉన్న సెట్టు స్పీకర్ల మధ్య కూడా ఉంటుందని నమ్మకమేంటి బాబాయ్?" అంటుంది గంటక్క.

ఆ మాట నిజమే. కంట్రోలర్ అంటే చూడ్డానికి రెండు పళ్ళేలు, నడుమ బోలెడు మీటలు. పాటలుండేది లాప్‌టాప్‌లో. పాటను తిప్పేదీ కలిపేదీ స్పీకర్లకు పంపేదీ మాత్రం ఈ సెట్టే. రెంటికీ మధ్య ఉన్నది ఒక్క తీగ. ఆ తీగ దూరే సాకెట్ రవ్వంత కదిలిందా, ఎంత పెద్ద డీజే అయినా మూగవాడే.

ఆమె గదికి అడ్డంగా చెక్క కౌంటర్ ఉంటుంది. సెట్టు తెచ్చినవాళ్ళు అవతల బెంచీ మీద కూర్చుని గంటా కాచుకోవాలి. కౌంటర్ పలక ఎత్తుకుని లోపలికొచ్చి, ఆమె స్టూలు లాక్కుని కూర్చునే హక్కు ఒక్కడికే ఉంది. అతడు ఆమె తమ్ముడు. అతడు వాయిస్తాడు, ఆమె బాగుచేస్తుంది. "ఒకళ్ళు పాడుచేయడం, ఒకళ్ళు బాగుచేయడం, ఇల్లు గడిచిపోతోంది" అని వాళ్ళమ్మ అందరికీ చెప్పుకుని నవ్వేది.

తమ్ముడు మహా జాగ్రత్తపరుడు. ఎక్కడికెళ్ళినా సంచిలో పాత చిన్న మిక్సర్ ఒకటి వేసుకునేవాడు. దానికి ఫోను తగిలించి ఉంచుకుంటే, పెద్ద సెట్టు మొరాయించినా ఫోన్లో పాట అందుకోవచ్చు, జనానికి అనుమానం కూడా రాదు. ఆమధ్య అతడికి స్కేటింగ్ హాల్లో అవకాశం వచ్చింది. మూడు ఆదివారాలు మధ్యాహ్నం పూట వాయించి చూపించాలి. నచ్చితే ఏడాది పొడుగునా ఆ పని అతడిదే. రెండు ఆదివారాలు బ్రహ్మాండంగా జరిగాయి. మూడోదానికి రెండు రోజుల ముందు సెట్టు సాకెట్ వదులైంది. అక్క దగ్గరికి తెచ్చాడు.

శనివారం పొద్దున ఆమె కొత్త సాకెట్ వేసింది. దానికి సన్నకాళ్ళు నాలుగు, లావుకాళ్ళు రెండు. సన్నకాళ్ళ గుండా పాట నడుస్తుంది, లావుకాళ్ళు బోర్డును పట్టుకుని బరువు మోస్తాయి. ముందు సన్నకాళ్ళకే సోల్డరింగ్ పెట్టి, బల్ల మీద పాట పలుకుతోందో లేదో చూడటం ఆమె పద్ధతి. పలికితేనే లావుకాళ్ళకు పెట్టి స్పీకర్ ఎక్కిస్తుంది. ముందే పెట్టేస్తే, సాకెట్ తేడాది అయినప్పుడు ఊడబెరకలేక చావాలి. అందుకని లావుకాళ్ళ పని ఎప్పుడూ ఆ గంట పరీక్షతో కలిసే ఉండేది.

బల్ల మీద పాట పలికింది. ఆమె స్పీకర్ వైపు తిరగబోతుంటే తమ్ముడు గడియారం చూసుకున్నాడు.

"అక్కా, రేపటి పాటలింకా సర్దుకోలేదు. ఇచ్చెయ్యవా?"

"సరే పో. ఇంటివాడివి, నీకు గంటేంట్రా?" అని నవ్వి, ఆమె మూతకు మరలు బిగించేసింది. అతడి సంచిలోని పాత మిక్సర్ కూడా కంటబడింది. "నేను చేసిన సెట్టుకి మళ్ళీ తోడొకటా? మోత దండగ" అని దాన్ని తీసి అలమరలో పెట్టింది.

ఆదివారం హాల్లో జంటల పోటీ. గంటక్క, అమ్మ వెనక వరసలో కూర్చున్నారు. నలభై నిమిషాలు పాట మీద పాట అతుకు తెలియకుండా సాగింది. ఆ తర్వాత ఉన్నట్టుండి శబ్దం పోయింది. నేల మీద చక్రాల కరకర ఒక్కటే మిగిలింది. గిర్రున తిరుగుతున్న ఒకమ్మాయి లయ తప్పి మోకాళ్ళ మీద పడింది. తమ్ముడు తీగ పీకి పెట్టాడు. పాట వచ్చింది, పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. పావుగంట పాటు అదే తంతు. జనం ఈలలు మొదలుపెట్టారు.

"సెట్టులో ఏదో తేడా ఉందండీ" అన్నాడు తమ్ముడు.

మేనేజరు చేతిలో మైకు ఉంది. "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట! అలా ఉంది నీ వరస" అన్నాడాయన. హాలంతా గొల్లుమంది. అమ్మ తల వంచుకుంది.

ఇంటికొచ్చాక తమ్ముడు సెట్టు తెచ్చి అక్క ముందు పెట్టాడు. "దీని తప్పేం లేదక్కా. నీ చేతిలోంచి వచ్చాక దీనికేమవుతుంది? నిన్న సాయంత్రం లాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాను. నా బుద్ధి గడ్డితింది. నాకిది చేతకాదు. ఎవరికైనా ఇచ్చెయ్."

సోమవారం పొద్దున ఆమె మూత విప్పింది. లావుకాళ్ళ దగ్గర సోల్డరింగ్ చుక్కయినా లేదు. భూతద్దం పెట్టి చూస్తే ఒక సన్నకాలి చుట్టూ వెంట్రుకంత పగులు. మద్దెల నిజంగానే ఓడు. ఆ ఓటి మద్దెలను తమ్ముడి చేతికిచ్చి, తోడున్న రెండోదాన్ని లాక్కుంది తనే.

రెండు నిమిషాల్లో ఆరు కాళ్ళకీ సోల్డరింగ్ పెట్టేసి మూత బిగించింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలనే అనుకుంది. సోమవారం సాయంత్రం చెబుదామనుకుంది, మంగళవారమూ అనుకుంది. పేరు మోసిన చెయ్యి మరి, నోరు పెగల్లేదు. పరాయివాడి సెట్టయితే పరుగెత్తుకెళ్ళి చెప్పి ఉండేదేమో. ఇంటివాడేగా, ఎక్కడికి పోతాడులే అన్న ధీమా.

అతడు నిజంగానే పోయే దారిలో ఉన్నాడు. టైల్స్ కొట్లో పని మాట్లాడుకొచ్చాడు. కంచం ముందు తలెత్తడం లేదు. "అప్‌డేటో గిప్‌డేటో, ముందురోజు దాని జోలికెందుకు పోయావురా?" అని అమ్మ పదోసారి అడిగితే, "తప్పేనమ్మా" అన్నాడు. గంటక్క అతడికి అన్నం వడ్డించింది.

గురువారం పొద్దున మెట్లెక్కుతుంటే దర్జీ పలకరించాడు. "పోయిన శనివారం నీ స్పీకర్ మోగలేదేమ్మా. హాయిగా కాజాలు కుట్టుకున్నాను. రోజూ అలా ఉండకూడదూ?"

ఆమె పైకి వెళ్ళలేదు. తిన్నగా ఇంటికి నడిచి, తమ్ముడి ఎదురుగా నిలబడి, లావుకాళ్ళ సంగతి, మూత సంగతి అన్నీ చెప్పింది. అతడు అడ్డురాకుండా విన్నాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"సోమవారం."

"ఇవాళ గురువారం" అన్నాడతడు. "మర్చిపోవడం ఎవరికైనా జరుగుద్దక్కా. దానికి నేనేమీ అనను. ఇన్ని రోజులు నన్ను నేను తిట్టుకుంటుంటే ఎదురుగా కూర్చుని చూశావు."

మధ్యాహ్నం ఆమె స్కేటింగ్ హాలుకెళ్ళింది. "మద్దెల ఓడేనండీ. ఆ ఓటి మద్దెల ఇచ్చింది నేను. మావాడి చేతిలో లోపం లేదు" అంది.

మేనేజరు చెడ్డవాడేం కాదు, నొచ్చుకున్నాడు. "నేనూ మైకులో అలా అనకుండా ఉండాల్సింది. కానీ ఈ ముక్క సోమవారమే వచ్చి చెబితే బాగుండేదమ్మా. నిన్ననే ఇంకొకాయనకి మాటిచ్చేశాను."

నిన్న బుధవారం. తిరిగొచ్చే దారి పొడుగునా ఆమె ఆ ఒక్క రోజునే తలుచుకుని ఏడ్చింది.

తమ్ముడు టైల్స్ కొట్లో చేరాడు. రెండు నెలలు సెట్టు ఊసెత్తలేదు. తర్వాత ఒక బడివాళ్ళు వార్షికోత్సవానికి వాయించమని అడిగారట, వచ్చాడు. గంటక్కకు ప్రాణం లేచొచ్చింది. అలమరలోంచి సెట్టు తీసి తుడిచింది. స్టూలు ఖాళీ చేసి, కౌంటర్ పలక తనే ఎత్తి పట్టుకుంది.

"రారా, లోపలికి రా. ఇది ఎప్పుడో రెడీ."

అతడు అప్పటికే అవతల బెంచీ మీద, సెట్లు తెచ్చిన మరో ఇద్దరి పక్కన కూర్చున్నాడు. ఒళ్ళో సంచి ఉంది, సంచిలో ఆమె ఎప్పుడో తిరిగిచ్చేసిన పాత మిక్సర్ ఉంది.

"పర్లేదక్కా" అన్నాడు గడియారం వైపు చూస్తూ. "గంట అవనీ."