సొరకాయ తినని ఇంటోళ్లు

మొన్న చలికాలంలో మా నారాయణఖేడ్ చర్చికి కెనడా నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. ఆరాధన అయ్యాక టీ తాగుతూ ఆమె తన పూర్వీకుల సంగతి చెబుతుంటే, పాస్టరయ్య మాకు తెలుగులో విప్పి చెప్పాడు. ఎన్నడో ఫ్రాన్సులో ఓడెక్కి కెనడాలో దిగిన ఒక సిపాయి వాళ్ల మూలపురుషుడట. పటాలంలో తోటివాళ్లు అతనికో ఎగతాళి పేరు తగిలిస్తే, చివరికి అదే ఇంటిపేరై కూర్చుందట. అసలు పేరేమిటో కనుక్కోవడానికి ఈమె ఫ్రాన్సులో ఊరూరా తిరుగుతోందట. పని లేదా ఈమెకు అని మావాళ్లు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మా మేనత్త పెళ్లి ముందర పాత ఇంటిపేరు కోసం మా ఇంటిల్లిపాదీ అలాగే పరేషాన్ అయ్యాం.

మేనత్త మా బాపుకు ఆఖరి చెల్లెలు. పెళ్లీడు దాటిపోతోందని చుట్టాలు బుగ్గలు నొక్కుకుంటున్న రోజుల్లో, చెరకు కొట్టడానికి పోయిన చోట కంగ్టి ఊరి అతను ఆమెకు నచ్చాడు, అతనికి ఆమె నచ్చింది. ఇద్దరూ చర్చివాళ్లే, ఒక్క కులం నుంచి వచ్చినవాళ్లే. తీరా అతని ముత్తాత మనూర్ దిక్కున ఉన్న మా పాత ఊరి నుంచే వలస పోయాడని తెలిసేసరికి, మా అవ్వ, అంటే బాపు తల్లి, మంచం మీద కూలబడింది. రెండిళ్ల పాత ఇంటిపేరు ఒకటే అయితే పిల్లా పిల్లగాడూ అన్నాచెల్లెళ్లవుతారు కదా. కానీ ఆ పేరేమిటో ఎవరికి తెలుసు? మా ముత్తాత బాప్తీస్మం నాడే దాన్ని వదిలేశాడు. ఆయనకు పెట్టిన బైబిలు పేరే మాకు ఇంటిపేరైంది. కంగ్టి వాళ్లదీ ఇదే కథ.

"ఏసయ్యల కలిసినంక అందరం ఒక్కింటోళ్లమే గదనే అవ్వా," అన్నాడు బాపు.

"గట్లయితె అందరు అన్నచెల్లెండ్లే. ఇగ పెండ్లెట్ల జేస్తవ్‌రా?" అంది అవ్వ.

ఆ పాత పేరు కనుక్కుందామని బాపు షేర్ ఆటోలు పట్టుకుని మనూర్ పక్క పల్లెలు తిరిగాడు. ఒక ముసలాయన ఒక పేరు చెబితే, ఆయన భార్య అది కాదని ఇంకోటి చెప్పి ఇద్దరూ తగువు పడ్డారట. మేనత్త జొన్నరొట్టెలు కొట్టే చప్పుడు వీధి చివరిదాకా వినపడేది. ఆ ఇల్లు కాకుంటే తనకు ఏ ఇల్లూ వద్దని నాతో మాత్రం చెప్పింది.

చివరికి పేరు తేలక, మర్యాదగా తిని మర్యాదగా కాదని చెప్పి రావాలని అవ్వే మమ్మల్ని కంగ్టికి బయల్దేరదీసింది. అబ్బాయి తల్లి అన్నంలోకి మాంసం, పప్పు కలిపి వండిన దాల్చా పోసింది. అవ్వ ముద్ద కలుపుతూ ఆగి, ఒక ముక్కను వేలితో తిప్పి చూసి, ఇదేమిటని అడిగింది. సొరకాయ అంది ఆవిడ. అంతే, అవ్వ పళ్లెం ముందే ఏడుపు అందుకుంది. మాంసం తక్కువేశామని మనసు కష్టపడ్డదేమోనని ఆ తల్లి బెదిరిపోయి, గిన్నె అడుగున దేవి దేవి మాంసం బొక్కలన్నీ అవ్వ పళ్లెంలో వేయసాగింది.

"గిది మీ ఇంట్ల మొదటి సంది వండుతరా వదినె?" అంది అవ్వ.

"మా అత్త నేర్పిందే."

మా ఇంట్లో సొరకాయ గడప తొక్కదు. మన ఇంటిపేరోళ్లు సొరకాయ తినరని, అవ్వ కాపురానికొచ్చిన నాడే ఆమె అత్త ఆన పెట్టిందట. పేరు చెప్పలేదు, ఆన మాత్రం చెప్పింది. అంతదాకా ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. అవ్వ కళ్లు తుడుచుకుని బాపు వైపు తిరిగింది.

"వీళ్లు మనోళ్లు గారురా. మనోళ్లయితె సొరకాయ వండుతరా? పెండ్లి జేద్దాం."

ముక్కలన్నీ పళ్లెం అంచున పెట్టి, పులుసు మాత్రం మళ్లీ పోయించుకుంది.

ఇప్పుడు అవ్వ లేదు. మేనత్త కంగ్టిలో అందరికీ సొరకాయ వండి పెడుతుంది, తన పళ్లెంలోవి మాత్రం పక్కన పెడుతుంది. మా పాత పేరు మాకు తెలియదు, మేము సొరకాయ తినని ఇంటోళ్లమని ఆ రోజు పాస్టరయ్య చేత కెనడా ఆవిడకు చెప్పించాను. ఆమె నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మా పిల్లలు హాస్టల్ సాంబారులో సొరకాయ ముక్కలు తింటున్నారని ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. పిల్లల్ని వద్దనడానికీ మనసొప్పలేదు. ముత్తాత పేరు ఒక్క పూటలో పోయింది, మిగిలిన ఆ కాస్త గుర్తును కాలం మా పిల్లల చేత ముద్ద ముద్దగా తినిపిస్తోంది.