గింజ తీయని బజ్జీ

దేశానికి ప్రధాని కాబోయే మనిషిని రెండు మిరపకాయ బజ్జీలతో పైకి పంపబోయినదాన్ని నేను. నవ్వకండి. ఆ రోజు ఎమ్మిగనూరులో ఆయన ప్రాణానికి ఏమైనా అయ్యుంటే ఈపాటికి నా ఫొటో ఏ పోలీస్ స్టేషన్ గోడ మీదో ఉండేది. ఆ పెద్దమనిషి పేరు మాత్రం చెప్పను. చెబితే ఆయన పార్టీవాళ్లు ఒక పక్క నుంచి, ఎదుటి పార్టీవాళ్లు ఇంకో పక్క నుంచి మా హోటల్ మీదికి వస్తారు. ఉన్నవి రెండే బెంచీలు. అంతమందిని కూర్చోబెట్టలేను.

అప్పటికి నాకు పెళ్లయి మూడు నెలలు. పుట్టినూరు ఆదోని, మెట్టినూరు ఎమ్మిగనూరు. మధ్యలో గంట బస్సు ప్రయాణం, అంతే. కానీ నా పొగరు చూస్తే ఏ ఢిల్లీ నుంచో విమానంలో దిగినట్టు ఉండేది. ఏది చూసినా "మా ఆదోనిలో అట్ల కాదత్తా" అనేదాన్ని. మా ఆదోనిలో పత్తి మార్కెట్ చూడాలి, మా ఆదోనిలో బజారు చూడాలి, చివరికి మా ఆదోనిలో ఎండ కూడా ఇంతకంటే బాగుంటుంది అన్నాను ఒకసారి. మా అత్త మరియమ్మ మంచిది కాబట్టి విని ఊరుకుంది.

"ఆ ఎండేదో ఈతూరి వచ్చేటప్పుడు మూట కట్టుకొని రా పిల్లా. ఈడ వడియాలు ఎండబెట్టుకుందాం" అని మాత్రం అంది.

అత్తది చిన్న టిఫిన్ హోటల్. పొద్దున ఉగ్గాని, బజ్జీ. సరుకు అయిపోతే తలుపు మూయడమే. ఉగ్గాని తెలియని దురదృష్టవంతులు ఎవరైనా ఉంటే వాళ్ల కోసం చెబుతున్నాను: బొరుగులు, అదే మరమరాలు, నీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, ఉల్లిగడ్డల పోపులో వేసి కలిపి, పైన పప్పుల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే మా వైపు దాన్ని టిఫిన్ అనరు, పథ్యం అంటారు.

మా ఆయన ఏసన్న మగ్గం నేసేవాడు. తిండికి లోటు లేదు. కష్టమల్లా నీళ్లకే. మా వీధికి కొళాయి లేదు. నాలుగు రోజులకొకసారి ట్యాంకరు వచ్చేది, అది వస్తే వీధిలో యుద్ధమే. రాకపోతే ఊరి బయట బోరింగు దాకా పోయి బిందెలు మోసుకురావాలి. అత్తకు అప్పటికే మోకాళ్లు అరిగిపోయాయి. బిందె చంకన పెట్టుకొని మెట్టు ఎక్కేటప్పుడు "యేసయ్యా" అని ఒక మూలుగు మూలిగేది. ఆ మూలుగు వింటే నాకు పాపం అనిపించేది. అయినా నోరు ఊరుకునేది కాదు, "మా ఆదోనిలో..." అనేదాన్ని.

ఎన్నికలొచ్చాయి. ఢిల్లీ నుంచి ఆ పెద్దమనిషి ప్రచారానికి వస్తున్నాడని ఊరంతా జెండాలు కట్టారు. అప్పటికి ఆయన ప్రధాని కాదు, మంత్రి కూడా కాదు. గెలిస్తే ఏదో ఒకటి అవుతాడని అందరూ అనుకునే మనిషి. సభ మా వీధి చివరి మైదానంలోనే. మూడు రోజుల ముందు మా వార్డు నాయకుడు ఓబులేసన్న హోటల్‌కు వచ్చాడు.

"మరియమ్మక్కా, సారు నీ హోటల్లోనే టిఫిన్ తింటాడు. పేదోళ్ల కాడ తిన్నట్లు ఫొటో కావాలంట."

"ఫొటో తీసుకుంటే తీసుకోనీలే. ఆయప్పతో ఒక్క మాట మాట్లాడనిస్తావా?" అంది అత్త.

"ఏం మాట?"

"కొళాయి మాట."

"ఒక్క ముక్కలో సెప్పాల మరి. సారుకు టైముండదు."

ఆ ఒక్క ముక్కను మా అత్త మూడు రోజులు నేర్చుకుంది. "సామీ, మా వీధికి ఒక కొళాయి ఏపియ్యి సామీ." పిండి కలుపుతూ అదే మాట, అంట్లు తోముతూ అదే మాట. ప్రార్థనకు కూర్చుంటే ఆమెన్‌కు ముందు కూడా కొళాయే వచ్చింది.

"ఎట్లుందే పిల్లా?" అని నన్ను అడిగింది.

"బాగుంది గానీ, మా ఆదోనిలో అయితే ముందు దండం పెట్టి సెప్తారత్తా."

"పెడతాలేవే దండం. నీ ఆదోనికి కూడా కలిపి పెడతా."

సభ రోజు పొద్దున్నే అత్త నాకు పని అప్పజెప్పింది. "మిరపకాయలు నిలువునా చీల్చి గింజలన్నీ తీసెయ్యి. కొంచేపు మజ్జిగలో నానెయ్యి. పెద్దాయన, కారానికి తట్టుకోలేడు" అని చెప్పి, చర్చికి కట్టుకునే చీర కట్టుకోవడానికి లోపలికి పోయింది.

ఇక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. ఆ మిరపకాయలు నేను మా నాన్నతో ప్రత్యేకంగా ఆదోని నుంచి తెప్పించినవి. సన్నగా, పొడుగ్గా, చూస్తేనే చెవులు వేడెక్కే రకం. గింజలు తీసి మజ్జిగలో ముంచితే అది బజ్జీయా, చంటిబిడ్డ ఉగ్గా? ఢిల్లీ పెద్దమనిషి ముందు మా ఆదోని పరువు ఏం కావాలి? ఒక్క గింజ కూడా తీయలేదు. కాయకు కాయ శనగపిండిలో ముంచి నూనెలో వేశాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని చెప్పిన పెద్దలు, కొత్త కోడలు కారమెరగదని కూడా ఒక ముక్క చెప్పిపోయి ఉంటే బాగుండేది.

అది చాలదన్నట్టు, బొరుగులు తెల్లగా ఉండాలని రెండుసార్లు నీళ్లు మార్చి నానబెట్టాను. ట్యాంకరు రాక అది నాలుగో రోజన్న సంగతి నాకు గుర్తే లేదు.

పది గంటలకు ఆయన వచ్చాడు. తెల్లబట్టలు, అలసిన కళ్లు, మా నాన్న వయసు. బెంచీ మీద కూర్చుని ఒక ముద్ద ఉగ్గాని తిని, "చాలా బాగుంది అమ్మా" అన్నాడు తనకు వచ్చీరాని తెలుగులో. నా ఛాతీ పూరీలా పొంగింది. తర్వాత బజ్జీ అందుకున్నాడు.

"సార్, ఇటు చూడండి. కొరకండి. నవ్వండి" అన్నాడు ఫొటోగ్రాఫర్.

కొరికాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. ఉమ్మేద్దామంటే ఎదురుగా కెమెరా. పాపం, మింగేశాడు.

"సరిగా రాలేదు సార్. ఇంకొక బజ్జీ."

అదీ మింగాడు. రాజకీయాల్లో పైకి రావాలంటే ఎన్ని మింగాలో నాకు ఆ రోజే తెలిసింది. ముందు చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత నున్నటి నెత్తి మీద చెమట. ఆ తర్వాత వెక్కిలి, ఒళ్లంతా ఎగిరిపడేంత పెద్దది.

అప్పటికే అత్త చేతులు జోడించి మొదలుపెట్టింది. "సామీ, మా వీ..."

"నీళ్లు!" అన్నాడాయన.

అత్త మోకాళ్ల సంగతి మరచిపోయి లోపలికి ఉరికింది. ఒక బిందె ఖాళీ. రెండో బిందె ఖాళీ.

"ఏమే! నీళ్లేవే?"

"బొరుగులకు పోసినానత్తా."

"అంతానా?"

"మా ఆదోనిలో రెండుతూర్లు..."

"నీ ఆదోని గంగలో కలవ!"

ఆ గంగ అయినా ఆ క్షణాన మా ఇంటికి వచ్చుంటే కళ్లకద్దుకునేదాన్ని. అత్త మూలనున్న మూడో బిందెను మోకాలికి ఆనించి వంచింది. అడుగున మిగిలిన నీళ్లను కొంగు అడ్డం పెట్టి వడకట్టింది. అర చెంబు వచ్చింది. ఆయన గడప దాకా వచ్చి నిలబడి ఇదంతా చూస్తున్నాడు. గటగటా తాగేశాడు.

"ఇంకొంచెం?" అన్నాడు.

అత్త బిందె ఎత్తి, తలకిందులు చేసి చూపించింది. ఒక్క చుక్క నేల మీద పడింది. అంతలో ఓబులేసన్న "టైమైంది సార్" అంటూ ఆయన రెక్క పట్టుకొని లాక్కుపోయాడు. సోడా బండ్లవాళ్లంతా సభ జనం మధ్యలో ఎక్కడో ఇరుక్కుపోయి ఉన్నారు. చేతికో నీళ్ల సీసా పట్టుకు తిరిగే రోజులా అవి?

అత్త బెంచీ మీద కూర్చుని, ప్లేటులో మిగిలిన బజ్జీ తీసుకొని కొరికింది. కళ్ల వెంట నీళ్లు కారాయి. కారానికో, దుఃఖానికో నాకు తెలియలేదు.

"సెప్పలేదే పిల్లా. మూడు దినాలు నేర్చుకుంటిని" అంది.

తిట్టినా బాగుండేది. నా పెళ్లయ్యాక మొదటిసారి ఆదోని పేరు ఎత్తకుండా ఏడ్చాను.

మైకు మోగేసరికి ఇద్దరం మైదానానికి పరుగెత్తాం. వేదిక మీద ఒక గ్లాసు నీళ్లు పెట్టారట. సారు ఊళ్లోకి రాకముందే గంటసేపు ఉపన్యాసం ఇచ్చిన ఓబులేసన్న వాటిని తాగేశాడు. పెద్దమనిషి మైకు ముందు నిలబడ్డాడు. కళ్లు ధారగా కారుతున్నాయి, నోట మాట రావడం లేదు. ఒక ముసలమ్మ ముక్కు చీదింది. అంతే, ఆడవాళ్లంతా ఏడుపు అందుకున్నారు.

ఓబులేసన్న మైకు లాక్కున్నాడు.

"సూడండప్పా! మన వీధిలో నీళ్లు ల్యాకపోతే సారుకు కండ్లలో నీళ్లొచ్చినాయి! సార్, మాకు కొళాయిలు ఏపిస్తారా?"

ఆయనకు వెక్కిలి వచ్చింది. తల కిందికి ఊగింది. జనం హోరెత్తిపోయారు.

"పెద్ద ట్యాంకు కట్టిస్తారా?"

వెక్కిలి. తల ఊగింది.

"రెండు ట్యాంకులు?"

రెండు వెక్కిళ్లు. వెనక నుంచి ఎవరో అదే ఊపులో "మావోనికి పెండ్లి సేపిస్తావా సామీ?" అని అరిచారు. దానికీ తల ఊగింది.

మర్నాడు పేపర్లో ఆ కన్నీళ్ల ఫొటో పడింది. జనం బాధకు కరిగిపోయిన నాయకుడని రాశారు. ఆయన పార్టీ గెలిచింది, ఆయన మంత్రి అయ్యాడు. ఏడాది తిరిగేసరికి మా వీధి మొగదలలో ట్యాంకు లేచింది, హోటల్ ముందే కొళాయి పడింది. మొదటి రోజు అత్త దాని కింద అరచెయ్యి పెట్టి ఎంతసేపు కూర్చుందో. ఊరంతా ఆయన కన్నీళ్ల గురించే చెప్పుకునేవాళ్లు. నిజం తెలిసింది మా ఇంట్లోవాళ్లకే. ఒకసారి నేను పక్కింటావిడ దగ్గర నోరు తెరవబోతే, మా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నోరు మూసుకోవే తల్లీ! బజ్జీ సంగతి బయటపడితే వచ్చి ట్యాంకు పీక్కపోతారు."

హోటల్‌కు బోర్డు రాయించాం: "మంత్రిగారు తిన్న బజ్జీ". కొన్నేళ్లకు ఆయన ప్రధాని అయ్యాడు. అత్త వీధంతా బెల్లం పంచింది. బోర్డు మీద మంత్రి చెరిపి ప్రధాని అని రాయించింది. తర్వాత ఆయన కింది నుంచి మద్దతు జారిపోయింది, పదవి పోయింది, ఎన్నికల్లో కూడా ఓడిపోయాడు. ఓబులేసన్న అప్పటికి మూడో పార్టీలో ఉన్నాడు.

"అక్కా, ఆ బోర్డు తీసేయరాదా? ఆయప్ప దిగిపోయినాడు కదా" అన్నాడు.

"పదవి పోతే పోయింది. తిన్న బజ్జీ యాడికి పోతాదిరా?" అంది అత్త. తర్వాత బోర్డు వైపు చూసి, నాతో "అబద్ధమైతే వద్దులే. మాజీ అని రాపియ్యి. చిన్నగా రాయమను" అంది.

కిందటేడు ఎండాకాలం. మా హోటల్ ముందు ఒక కారు ఆగింది. ఒక్కటే కారు. వెనక జీపుల్లేవు, జెండాల్లేవు. మంత్రాలయం పోతూ ఆయనే దిగాడు, చేతికర్రతో. ఇన్నేళ్లలో తెలుగు బాగానే నేర్చుకున్నట్టున్నాడు, బోర్డు కూడబలుక్కొని చదువుకున్నాడు. "మాజీ కొంచెం పెద్దగా రాయాల్సింది" అని నవ్వుతూ వచ్చి అదే బెంచీ మీద కూర్చున్నాడు. మిరపకాయలు తీసుకొని గింజలు తీశాను, ఈనెలు తీశాను, మూడుసార్లు కడిగి మజ్జిగలో నానేసి బజ్జీలు వేశాను.

ఆయన ఒకటి కొరికి ప్లేటు పక్కకు జరిపాడు. "ఇది ఆ బజ్జీ కాదు."

ఇన్నేళ్లు దాచిందంతా కక్కేశాను. "తప్పంతా నాదే సార్. గింజలు తీయలేదు. మీరు ఏడ్చింది మా కష్టానికి కాదు, నా బజ్జీకి."

ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. "నాకు తెలియదా అమ్మా? కాలింది నా నోరు కదా!"

"మరి ట్యాంకు ఎందుకు కట్టించినారు సార్?"

గడప దగ్గర కూర్చున్న అత్తను చూపించాడు. అత్తకిప్పుడు ఎనభై దాటాయి. "నాకు అర్జీలు సంచుల కొద్దీ వచ్చేవి. ఈ అమ్మ బిందె తలకిందులు చేసి చూపించింది. అదొక్కటే మరచిపోలేకపోయాను." ప్లేటు నా చేతికిచ్చి, "ఇప్పుడా బజ్జీ పెట్టు" అన్నాడు.

"వద్దు సార్, ఈ వయసులో!"

"అప్పుడు ఓట్ల కోసం నవ్వుతూ మింగాను. ఇప్పుడు ఓట్లతో పని లేదు. తృప్తిగా ఏడుస్తూ తింటాను."

ఒక్కటంటే ఒక్కటి, గింజలతో వేశాను. పక్కన నిండు బిందె పెట్టుకున్నాను. ఆయన తింటున్నాడు, కళ్లు కారుతున్నాయి, నవ్వుతున్నాడు. నాకూ ఏడుపొచ్చింది. అప్పుడు అత్త కర్ర పట్టుకొని మెల్లగా లేచింది. కర్ర నా చేతికిచ్చి, రెండు చేతులూ జోడించింది.

"సామీ, మా వీధికి ఒక కొళాయి ఏపియ్యి సామీ."

"అత్తా! కొళాయి పడి ఎన్నేండ్లాయె! అదో, బయట కారుతాంది కదా!"

"నువ్వుండవే. అది నోట్లోనే మిగిలిపోయిన మాట. ఇన్నేండ్లు మోసినా. సెప్పనీ."

ఆయన బెంచీ పట్టుకొని లేచి నిలబడ్డాడు. ఆయన కూడా చేతులు జోడించాడు. "వేయిస్తాను అమ్మా" అని తల ఊపాడు. వెక్కిలి ఆ తర్వాత వచ్చింది.

కాబట్టి పాఠకులారా, వాకిట్లో కారుతున్న కొళాయి సాక్షిగా, సగం రంగు పోయిన బోర్డు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ నాయకుడికీ గింజ తీయని బజ్జీ పెట్టను. గెలిచినవాడికి అసలే పెట్టను. ఓడిపోయి, ఒక్క కారులో వచ్చి, అదే కావాలని అడిగినవాడికి మాత్రం ముందు బిందె నింపుకొని, ఆ తర్వాత పెడతాను. మా ఆదోనిలో అంతే మరి.